పాల లెక్కకు బాడుగ గది

ఆ ఏడాది కార్తీకంలో తుఫాను వాన పట్టుకున్న వారంలోనే మా పాల సంస్థ కంప్యూటర్లు చచ్చిపోయాయి. అది గురువారం. శుక్రవారమని మా అధ్యక్షురాలు ఇప్పటికీ వాదిస్తుంది. శుక్రవారం ఆమెకు తెలిసింది, చచ్చింది గురువారమే. "మా సంస్థ" అని ఇప్పుడు అంటున్నాను గానీ అప్పటికి నాకు దానితో ఏ సంబంధమూ లేదు. సంబంధం కలిపింది ఆ చావే.

పూతలపట్టు దాటి తిరుపతి వైపు వచ్చే రోడ్డు పక్కన ఆ సంస్థ పాల కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో ఒకటో రెండో ఆవులున్న ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న సంస్థ. పొద్దునా సాయంత్రమూ ఎవరి పల్లెలో వాళ్ళు పాలు పోస్తారు. అక్కడి మిషను వెన్న శాతం చూసి చిన్న చీటీ కొట్టి ఇస్తుంది. అదే లెక్క ఫోను సిగ్నలు మీద పూతలపట్టు ఆఫీసుకు పోతుంది. పది రోజులకోసారి ఆ లెక్క కూడి ఎవరి డబ్బు వాళ్ళ బ్యాంకు ఖాతాలో వేస్తారు. పదో రోజు డబ్బు పడాలి. సంస్థ నిలబడింది ఆ ఒక్క మాట మీదే.

ఆ లెక్కలన్నీ దాచే నాలుగు నల్ల పెట్టెలను వాళ్ళు పాలు చల్లబరిచే గదికి ఆనుకుని ఉన్న గదిలో పెట్టారు. "వీటిని చల్లగా ఉంచాలి" అని అమ్మినవాడు చెప్పిపోయాడు. చల్లదనం గురించి పాలవాళ్ళకు ఎవరు నేర్పాలి? మధ్య గోడకు కిటికీ కొట్టించి, పాల గది చలిని ఇవతలికి రానిచ్చారు. ఏసీ ఖర్చు మిగిలిందని సంబరపడ్డారు. పాలను చెడకుండా ఉంచేది దేన్నయినా చెడకుండా ఉంచుతుందని పాలతో బతికేవాళ్ళకు తప్ప మరెవరికీ తోచదు. అయితే పాల గదిని పూటపూటా సలసల కాగే నీళ్ళతో కడుగుతారు. ఆ ఆవిరి కిటికీలోంచి వచ్చి చల్లటి ఇనుము మీద కూర్చుంది. ఎండాకాలమంతా ఏ పూటకా పూట ఆరిపోయింది. వానలు పట్టాక ఆరలేదు.

నేను చిత్తూరులో ఒక సహకార బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైన మనిషిని. కాపురం తిరుపతిలో. మెషిన్లు పోయిన నాలుగో రోజు సంస్థ మేనేజరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని తిరుపతి కుర్రవాడు, మర్యాదస్తుడు. "మేడం, చీటీలు చూసి చేత్తో లెక్క కట్టాలి. కట్టేవాళ్ళు కావాలి" అన్నాడు.

వెళ్ళాను. ఆడవాళ్ళు చీటీలు తెచ్చి ముందర పోశారు. కొన్ని రవికలో దాచుకున్నవి చెమటకు తెల్లబడ్డాయి. కొన్ని పసుపు డబ్బాలో పెట్టినవి పచ్చబడ్డాయి. ఆ కాగితం మీద అక్షరం వేడికి ఎగిరిపోతుంది. ఎగిరిపోయినచోట పక్కింటావిడను సాక్ష్యం అడిగి రాశాం. పదో రోజు పడాల్సిన డబ్బు ఇరవై మూడో రోజు పడింది.

ఆ మధ్యలో ఒక ప్రైవేటు డెయిరీ ఏజెంటు వ్యానేసుకుని పల్లెపల్లెకూ తిరిగాడు. బుగ్గమీసాల మనిషి, నోరు మంచిది. "మీ కంపెనీ కంప్యూటరుకు జలుబు చేసిందంటనే అక్కా! నా జోబికి ఏ జలుబూ లేదు, సూడండి" అని నోట్లు తీసి చూపించేవాడు. కొన్ని పల్లెల్లో సగం మంది అతని క్యాన్లలో పోయడం మొదలుపెట్టారు. తప్పు పట్టను. ఆవు దాణా పదమూడు రోజులు ఆగదు. ఇంకొక్కసారి డబ్బు ఆలస్యమైతే మిగతా సగమూ వెళ్ళిపోతుంది, సంస్థ ఉండదు. అది అందరికీ తెలుసు.

ఆ లెక్కలు ముగిశాక నన్ను వాళ్ళ బోర్డులోకి తీసుకున్నారు. లెక్కలు తెలిసిన మనిషిగా తీసుకున్నారు. కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. ఓటున్నవాళ్ళందరూ పాలు పోసే ఆడవాళ్ళే. అది సరైన పద్ధతని నేనూ ఒప్పుకుంటాను. ఓటు లేకపోతే నోరు లేదనుకుంటే మాత్రం ఒప్పుకోను.

కొత్త పెట్టెలు కొన్నారు. అవి బిగించేదాకా ప్రతి పది రోజుల లెక్కా చేత్తోనే కట్టాం. వాటిని ఎక్కడ ఉంచాలన్నదే మొదటి సమావేశంలో విషయం. అధ్యక్షురాలు ముందే సిద్ధమై వచ్చింది. ఎనిమిది ఆవులున్న మనిషి. తెల్లవారక ముందే లేచి అన్నిటి పొదుగులూ తనే కడుగుతుంది. ఆమె ఒక చిత్తూరు మేస్త్రీని పిలిపించి, పాల కేంద్రం వెనకున్న ఖాళీ స్థలంలో కట్టబోయే భవనానికి ప్లాను గీయించింది. దాన్ని బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టింది.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ముందర పోర్టికో. పక్కన సమావేశాల హాలు. తూర్పు గుమ్మం. గోడలో శిలాఫలకానికి గూడు. పెట్టెలు పెట్టే గది ఎక్కడని అడిగితే మేస్త్రీ వంగి, వంటగదిలాంటి ఒక మూలను వేలితో చూపించాడు.

"ఇదంతా ఏమిటి?" అన్నాను.

"డేటా సెంటరమ్మా" అన్నాడు.

"ఇందులో డేటా ఎంత, సెంటరెంత?"

ఒకరిద్దరు నవ్వారు. అధ్యక్షురాలు నవ్వలేదు. ఆమె చెప్పిన మాట మాత్రం గట్టిది. దాన్ని తక్కువ చేసి రాయను.

"అక్కా, ఒకప్పుడు మేము ఎవురో పెట్టిన డెయిరీకి పాలు పోసినాము. వాడు సెప్పిందే ఎన్న శాతం, వాడిచ్చిందే దుడ్డు. మాదంటూ ఒకటి ఉండాలనే గదా ఇది పెట్టుకునింది. ఇప్పుడు మా పాల లెక్కంతా మూట గట్టి యాడో మద్రాసులో ఎవురింట్లోనో పెట్టమంటావా? ఇంగ మాదేముండాది ఈడ?"

"నేనింకా ఏమీ అనలేదు కదా" అన్నాను.

"అనబోతావు. నీ మొగం సూస్తానే తెలస్తాది."

నిజమే, అనబోతున్నాను. అంతకు ముందు మూడు వారాలు మేనేజరూ నేనూ ఆ లెక్కే వేశాం, మద్రాసు మాట ఆమె చెవినా పడినట్టుంది. కట్టాలంటే ఇటుకల ఖర్చు చిన్నది. రెండు ఏసీలు కావాలి, ఒకటి ఆగితే రెండోది నడవడానికి. రెండు జనరేటర్లు కావాలి, అదే కారణానికి. నిప్పంటుకుంటే నీళ్ళు చల్లకూడదు కాబట్టి గ్యాసుతో ఆర్పే ఏర్పాటు కావాలి. రెండు దారుల్లో ఇంటర్నెట్టు తీగ కావాలి. వీటన్నిటినీ రేయింబవళ్ళు కాచే మనుషులు కావాలి. ఇదంతా అల్మారాలో సగం కూడా నిండని నాలుగు పెట్టెల కోసం. మరొకరి కంప్యూటర్లనే వాడుకునే దారి కూడా ఉందట. కానీ మా పల్లె మిషన్లతో మాట్లాడే ప్రోగ్రాం పాతది, ఆ పెట్టెల మీదే నడుస్తుంది. దాన్ని తిరగరాయించే స్తోమత అప్పటికి లేదు. మిగిలింది రెండే దారులు. గది కట్టుకోవడం, లేదా చెన్నైలో ఇలాంటి పెట్టెల కోసమే కట్టి అద్దెకిచ్చే చోట సగం అల్మారా తీసుకోవడం.

"ఇల్లు కట్టడం తప్పు కాదు" అన్నాను. "అల్మారా కోసం ఇల్లు కట్టడం తప్పు. ఆ డబ్బుతో పాలు చల్లబరిచే ట్యాంకులు ఇంకో రెండు వస్తాయి. పాలు విరిగి పారబోసిన పల్లెలేవో నాకంటే మీకే బాగా తెలుసు."

మూలన కూర్చున్న ఒక డైరెక్టరు అందుకుంది. దామలచెరువు వైపు మనిషి. మాట పదును. "ఆయమ్మనడిగితే బాడుగనే అంటాది మే! సొంతంగా గూడు గట్టుకోవడం తెలీని మనిషి. బ్యాంకులో పన్జేసి, అందరికీ ఇంటి లోన్లిచ్చి, తాను మాత్రం సట్టీ కుండా ఎత్తుకోని ఇల్లిల్లూ మారతాది."

ఈసారి అందరూ నవ్వారు. అధ్యక్షురాలు కూడా.

ఈ మాట నాకు కొత్త కాదు. మా ప్రాంతంలో సొంత ఇల్లు లేని మనిషి పెళ్ళిలో రెండో బంతికి కూర్చునే మనిషే. నా తోడికోడలు గృహప్రవేశానికి పిలిచినప్పుడల్లా "నువ్వెప్పుడు పిలుస్తావే?" అని అడిగేది. నేను లెక్క వేసుకునే బాడుగకు ఉన్నాను. ఏ ఊరికి బదిలీ అయితే ఆ ఊరికి పోయాను. ఏ కాంట్రాక్టరు చుట్టూ తిరగలేదు. ఏ అప్పుకూ జీతం సగం కోసివ్వలేదు. నచ్చని ఆఫీసరు సంతకం పెట్టమన్న కాగితం మీద సంతకం పెట్టకుండా లేచి రాగలిగానంటే, నెత్తిన ఇంటి అప్పు లేకపోవడం వల్లే. మా బ్రాంచిలో ఎంతమంది ఇంటి అప్పు చూసుకుని తల వంచారో నా కళ్ళతో చూశాను.

"అవును" అన్నాను. "ఐదిళ్ళు మారాను. బాడుగ ఇంట్లో ఎలా ఉండాలో ఈ గదిలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందుకే నన్నడగండి."

నవ్వు ఆగింది. అప్పుడు ఇంకొకావిడ నోరు తెరిచింది. రెండేళ్ళుగా ఏ సమావేశంలోనూ మాట్లాడని మనిషట. ఒకటే ఆవు.

"నాకొకటి తెలవాల" అంది. "మన జనరేటరు కాడ పండుకునే ఆయప్ప ఉండాడే, కరెంటు పోతే ఎంతసేపటికి లేస్తాడు?"

జవాబు అందరికీ తెలుసు. కరెంటు పోయిన సంగతి అతనికి ఎవరో ఒకరు పోయి లేపి చెప్పాలి.

"పాలయితే ఇరిగితే వాసనొస్తాది" అందావిడ. "మూత తీస్తానే తెలస్తాది. ఆ పెట్టి ఇరిగితే ఏం వాసనొస్తాది? మొన్న మనకెప్పుడు తెలిసింది? దుడ్డు పడలేదని ఇంటి మొగోడు అరిస్తే తెలిసింది. దాన్ని మనం కాయలేమక్కా. కాసేవోళ్ళ కాడ పెట్టడమే మేలు."

ఆ తర్వాత వాదన చాలాసేపు నడిచింది గానీ, తేలింది ఆ మాట దగ్గరే. చేతులెత్తమంటే బాడుగ వైపు ఒక్క చెయ్యి ఎక్కువ లేచింది. అధ్యక్షురాలు ప్లానును చుట్టి చంకలో పెట్టుకుంది.

"సరే. ఇది నీ మాట. రేపు ఆ ఇంటోడు మనల్ని బయటికి నూకి తాళం బెట్టుకుంటే, పల్లెపల్లెకీ పొయ్యి జవాబు నువ్వే సెప్పుకోవాల."

"చెప్పుకుంటాను" అన్నాను.

కోపంగానే అన్నాను. కానీ బస్సెక్కి తిరుపతి చేరేలోగా ఒకటి స్పష్టమైంది. ఆమె నోట్లోంచి వచ్చిన భయం అక్షరాలా సరైనది. ఇంటివాడు తాళం పెట్టుకుంటే? అదే అసలు ప్రశ్న. మా లెక్కల్లో మేనేజరూ నేనూ దాన్ని వేసుకోనే లేదు.

మరుసటి నెలలో చెన్నై వెళ్ళాం. ఆ చోటు చూసి నాకు మతి పోలేదు గానీ, నచ్చింది. చల్లగా ఉంది, పొడిగా ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, తడి లేదు. జనరేటర్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన మనిషి మేలుకుని ఉన్నాడు. అక్కడి అమ్మకాల కుర్రవాడు చెన్నై తెలుగు మాట్లాడతాడు. చేతిలో ఫోను, మెడలో కార్డు. అన్నీ చూపించి, క్యాంటీనులో కాఫీ ఇప్పించి, ఒప్పందం కాగితాలు ముందర పెట్టాడు.

"సంతకం పెట్టేదే అమ్మా. అందరికీ ఒకే ఫార్మాటు."

"చదివి పెడతాను" అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం."

అతను వాచీ చూసుకున్నాడు. నేను కాఫీ పక్కన పెట్టి మొదటి పేజీ మొదలుపెట్టాను. చివరికి నాలుగు పేజీలుందనగా ఆ మాట కనిపించింది. బాడుగ బాకీ పడినా, రెండు పక్షాల మధ్య ఏ వివాదం వచ్చినా, అద్దెదారు పెట్టెలను తమ దగ్గరే ఉంచుకునే హక్కు, లోపలికి రానివ్వకుండా ఆపే హక్కు, కరెంటు తీసేసే హక్కు యజమానికి ఉంటాయట. కొంచెం కింద ఇంకొకటి. యజమాని ఈ వ్యాపారాన్ని ఇంకొకరికి అమ్ముకుంటే, కొత్తవాడు పెట్టిన షరతులు మాకూ వర్తిస్తాయట.

ఆ పేరా మీద వేలు పెట్టి మళ్ళీ మొదటి నుంచి చదివాను. మేనేజరు "మేడం, కాఫీ చల్లారిపోయింది" అన్నాడు.

నా మూడో బాడుగ ఇల్లు తిరుపతి కొర్లగుంటలో ఉండేది. మా ఆయన ఆసుపత్రిలో పోయాడు. పొద్దున పోయాడు. అంబులెన్సులో ఇంటికి తెస్తే ఇంటాయన గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. పండగకు మా ఇంట్లో భోజనం చేసేవాడు. గేటు మాత్రం తియ్యలేదు. "అమ్మా, నీకు తెలీందేముండాది. బాడుగిల్లు. లోపలికి తేవద్దు. పైనోళ్ళు కూడా ఖాళీ సేస్తామంటాండారు" అన్నాడు. తిరుపతిలో ఇది కొత్త సంగతి కాదు. బాడుగ ఇళ్ళలో ప్రాణం పోతుందనుకుంటే ముందుగానే మనిషిని సొంతూరికో ఆసుపత్రికో తీసుకుపోతారు. పోయాక లోపలికి తేనివ్వరు. మా ఆయనను వీధి మలుపులో, కుళాయి పక్కన, షామియానా కింద పడుకోబెట్టాం. నీళ్ళ బిందెలతో వచ్చినవాళ్ళు బిందె దించి, దండం పెట్టి, బిందె ఎత్తుకుని పోయారు. ఆయన పదకొండేళ్ళు నిద్రపోయిన గది అక్కడికి కనిపిస్తూనే ఉంది. ఆ నెల బాడుగ ఒకటో తేదీనే కట్టాను.

ఇప్పుడైనా బుద్ధి తెచ్చుకుని ఇల్లు కొనుక్కోమన్నారు అందరూ. నేను కొనలేదు. నన్ను గేటు బయట నిలబెట్టింది బాడుగ కాదు, మాట్లాడుకోకుండా వదిలేసిన మాట. తరవాతి ఇంటికి ఒప్పందం రాయించేటప్పుడు ఆ మాటే రాయించాను. ఈ ఇంట్లో కాపురముండగా మాలో ఎవరు పోయినా, శవాన్ని హాల్లోకి తెచ్చుకునే హక్కు, కర్మ ముగిసేదాకా ఉండే హక్కు మాకుంటాయి, యజమాని అడ్డు చెప్పరాదు. దస్తావేజులు రాసేవాడు కలం పెట్టేశాడు. "అశుభమమ్మా, ఇట్లాంటివి రాయరు" అన్నాడు. ముగ్గురు ఇంటివాళ్ళు అది విని అడ్వాన్సు వెనక్కిచ్చారు. నాలుగో ఇంటామె రిటైరైన నర్సు. "రాసుకో తల్లీ. ఆ హాల్లో నేను కూడా ఎప్పుడో పండుకునేదే గదా, నాకూ పనికొస్తాది" అని సంతకం పెట్టింది.

కాగితాల్లోంచి తల ఎత్తి అమ్మకాల కుర్రవాడితో చెప్పాను. "బాబూ, ఈ రెండు పేరాలు తీసేసి ఇంకొకటి రాయాలి. మేము బాకీ పడినా, మనకు గొడవ వచ్చినా, మీరు అమ్ముకున్నా, మూడు నెలలపాటు మా పెట్టెలకు కరెంటు తియ్యకూడదు, మా మనుషులను లోపలికి రాకుండా ఆపకూడదు. ఆ మూడు నెలల్లో ఏ రోజైనా మా పెట్టెలు మేము తీసుకుపోవచ్చు."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పెద్దవాళ్ళు ఏదో అంటే నవ్వే నవ్వు. "అమ్మా, పెద్ద పెద్ద బ్యాంకులు కూడా ఈ ఫార్మాటుకే సంతకం పెడతా ఉండారు."

"వాళ్ళకు లాయర్లున్నారు. మాకు ఆవులున్నాయి."

"బాడుగ కట్టకపోతే ఏం చెయ్యాలి మేము? ఊరికే కరెంటు ఇస్తా ఉండాలా?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. మీ ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఏం చేస్తారని అడిగాను. అడ్వాన్సు తీసుకుంటారన్నాడు. "అదే. మూడు నెలల బాడుగ అడ్వాన్సుగా ముందే మీ దగ్గర పెడతాం. మేము కట్టకపోతే అందులో కోసుకోండి. అది అయిపోయేదాకా తాళం మాట ఎత్తకండి. మీకు నష్టం లేదు, మాకు భయం లేదు."

"ఈ బిజినెస్‌లో అట్లా పద్ధతి లేదమ్మా."

"ఇప్పుడు మొదలుపెట్టండి."

లోపలికి వెళ్ళి వచ్చాడు. కుదరదన్నాడు. నేను సంచి తీసుకుని లేచాను. మేనేజరు బస్టాండులో నా పక్కన నిలబడి, "మేడం, ఏం చెప్పాలి బోర్డుకు? కొత్త పెట్టెలు నా ఇంట్లో మంచం కింద ఉన్నాయి" అన్నాడు. ఆ కుర్రవాడి ఇంట్లో అప్పుడు పసిబిడ్డ. అప్పటికి వారం రోజులుగా ఆ బిడ్డకూ పెట్టెలకూ ఒకే ఏసీ. నాకు జాలి వేసింది గానీ మాట మార్చుకోలేదు. అధ్యక్షురాలికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"సెప్తే ఇన్నావా?" అంది. "నేను మేస్త్రీని మల్లా పిలస్తా ఉండా."

"పిలువు. ఇంకో వారం ఆగి పిలువు."

"వారానికేమైతాది?"

"వాళ్ళ గదిలో అల్మారాలు సగం ఖాళీగా ఉన్నాయి. నేను చూసే వచ్చాను. ఖాళీ ఇల్లున్నవాడు వారానికి మించి బిగుసుకోలేడు."

తొమ్మిదో రోజు వాళ్ళే ఫోను చేశారు. వారమని అన్నందుకు అధ్యక్షురాలు ఆ రెండు రోజులూ నాకు గుర్తు చేస్తూనే ఉంది. మేము అడిగిన పేరా రాశారు. అడ్వాన్సు కట్టాం. పెట్టెలు మంచం కింద నుంచి చెన్నైకి వెళ్ళాయి.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. పదో రోజు డబ్బు పదో రోజునే పడింది. ఏజెంటు దగ్గరకు పోయినవాళ్ళలో చాలామంది తిరిగి వచ్చారు, అతను వెన్న శాతం తగ్గించి రాస్తున్నాడని. మిగిలిన డబ్బుతో రెండు పల్లెల్లో పాల ట్యాంకులు పెట్టాం. ఒక ట్యాంకు ప్రారంభానికి శిలాఫలకం వేయించి అధ్యక్షురాలు తన ముచ్చట తీర్చుకుంది. నేను చప్పట్లు కొట్టాను, మనస్ఫూర్తిగానే.

మూడో ఏడు మొదట్లో ఒక ఉత్తరం వచ్చింది. చెన్నై చోటును ఇంకెవరో కొన్నారు. కొత్త యజమానులకు మాలాంటి సగం అల్మారాల వాళ్ళు అక్కర్లేదు. వచ్చే నెల నుంచి బాడుగ రెండింతలు, లేదంటే ఖాళీ చెయ్యాలి. ఒప్పుకోకపోతే లోపలికి రానివ్వబోమని కూడా రాశారు. పాత ఫార్మాటు చూసి రాసినట్టున్నారు.

అత్యవసర సమావేశం పెట్టారు. దామలచెరువు డైరెక్టరు ఉత్తరాన్ని బల్ల మీద కొట్టింది. "సూసినారా? సెప్పినామా, లేదా? సొంతంగా కట్టుకోనుంటే ఈ పొద్దు ఎవుడన్నా పొమ్మనేవోడా?"

"పొమ్మంటే పోతాం" అన్నాను. "అది బాడుగలో ఉన్న సుఖం. వాళ్ళు పొమ్మనొచ్చు, మనమూ పోవచ్చు. మన చేతిలో మూడు నెలలున్నాయి."

అధ్యక్షురాలు నా వైపే చూస్తూ ఉంది. "ఆ మాట కాయితంలో ఉండాదా, నీ మనసులో ఉండాదా?"

"కాగితంలో. ఎనిమిదో పేజీ."

ఆమె తీసి చూసింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి కాగితాన్ని నా వైపు తోసింది. "రాయి వాళ్ళకు. అడ్వాన్సులో కోసుకోమను. తాళమేస్తే పాల క్యాన్లతో వచ్చి గేటు ముందర కూసుంటామని కూడా రాయి."

క్యాన్ల సంగతి నేను రాయలేదు. ఎనిమిదో పేజీ సంగతి మాత్రం రాశాను. వాళ్ళ లాయరు మళ్ళీ ఒకటి రాశాడు, మా మేనేజరు ఎనిమిదో పేజీ ఫొటో తీసి పంపాడు. తరవాత తాళం మాట వినిపించలేదు. చెన్నై శివార్లలోనే ఇంకొక చోటు చూశాం. చిన్నది, పొడిది. వాళ్ళ దగ్గరా అదే మాట రాయించుకున్నాం. ఒక విడత డబ్బు పడిన మర్నాడు పెట్టెలు విప్పి, తరవాతి విడతకు చాలా ముందే కొత్త చోట బిగించాం. దుప్పట్లలో చుట్టి జీపులో తీసుకుపోయారు. పాల వ్యాను ఖాళీగా ఉందని డ్రైవరు అంటే, ఆ తడి మళ్ళీ వద్దు బాబూ అని మేనేజరు చేతులు జోడించాడట. పెట్టెలు ఆగిన ఆ ఒకటిన్నర రోజూ పల్లె మిషన్లు లెక్కను తమలోనే దాచుకుని, పెట్టెలు మళ్ళీ నడవగానే పంపేశాయి.

పదో రోజు సాయంత్రం నేను కావాలనే అధ్యక్షురాలి పల్లెలోని కేంద్రానికి వెళ్ళాను. జవాబు చెప్పుకుంటానన్నాను కదా, చెప్పుకోవాల్సి వస్తే అక్కడే ఉండాలని. బుగ్గమీసాల ఏజెంటు నాకంటే ముందే వచ్చి టీ అంగడి ముందర వ్యాను పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెలు ఇల్లు మారుతున్నాయన్న కబురు అతనికి ఎలాగో చేరింది.

పాలు పోసే వరస కదులుతోంది. డబ్బు పడ్డట్టు ఎవరి ఫోనూ మోగలేదు. నేను బెంచీ మీద కూర్చున్నాను. అధ్యక్షురాలు తన క్యాను దించి నా పక్కన వచ్చి నిలబడింది. ఏజెంటు మొదలుపెట్టాడు.

"ఏం పెద్దమ్మా, మీ పెట్టెలు మల్లా సట్టీ కుండా ఎత్తుకున్నాయంటనే? బాడుగ కొంపల్లో ఎన్నాళ్ళు తిరగతారు మీరు?"

నేను నోరు తెరిచేలోపు వరసలో ముందున్నావిడ కొంగులో ఫోను మోగింది. వెనకావిడది మోగింది. తరవాత వరసంతా మోగింది. మొదటావిడ ఫోను తీసి అంకె చూసి, పక్కావిడకు చూపించి, మళ్ళీ కొంగులో కట్టుకుంది.

"ఎన్నాళ్ళైనా తిరుగుతామప్పా" అంది అధ్యక్షురాలు, నేను చెప్పాల్సింది తనే చెప్పి. "నీ వ్యాను రవంత పక్కకు తియ్యి. మా పాల బండి వచ్చే టైమైంది."

అతను టీ గ్లాసు పెట్టి, వ్యాను తీశాడు.